మిరియాల నీళ్ళు

దూదేకుల నన్నే సాహెబు ఏకిన పరుపు మీద పడుకున్న కోడలు పొద్దెక్కినా లేవదని మా ఊరి అత్తలు అనేవాళ్ళు. ఊరికే అనేవాళ్ళు కాదు. చిలకలూరిపేట మిల్లుల్లోంచి మూటలుగా వచ్చే దూది వేరు, ఆయన విల్లు తీగ కింద చితికి, పొంగి, గాల్లోకి లేచి మళ్ళీ మెల్లగా నేలమీద వాలే దూది వేరు. వాకిట్లో ఆ విల్లు మోగుతుంటే ఇంటిల్లిపాదీ పనులు మానుకుని చూస్తూ నిలబడేవాళ్ళు.

"ఇంకా ఎంతసేపు మామా? పొద్దుననగా మొదలెట్టావు" అని ఎవరైనా తొందరపెడితే, "మూట మీద పడుకుంటావా, మబ్బు మీద పడుకుంటావా చెప్పమ్మాయ్. మూటయితే ఇప్పుడే కుట్టేసి పోతా" అనేవాడు.

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య కంపదడి ఒక్కటే అడ్డం. ఆయన నాకు నన్నే మామ, ఆయన భార్య మాబూబీ నాకు అత్త. వాళ్ళు దూదేకుల సాయిబులు, మేము సేద్యం చేసుకునేవాళ్ళం. అయినా మా ఊళ్ళో వరసలకి లోటు లేదు. పిల్లలు పుట్టలేదు వాళ్ళకి. ఆ ముద్దంతా ఒకరి మీద ఒకరు పెట్టుకుని, రోజుకోసారి తిట్టుకుని, హాయిగానే బతికారు. మామ తాటిచెట్టంత మనిషి. అత్త ఆయన భుజం దాకా కూడా రాదు. "నీ నెత్తి మీద విల్లు ఆనించుకుని ఏకొచ్చే" అని ఆయన ఏడిపించేవాడు.

దూది ఏకేవాళ్ళకి ఒక అలవాటుంది. ఆ నూగు ముక్కుల్లోకీ గొంతులోకీ పోయి దగ్గు తెప్పిస్తుంది. గొంతు బాగుపడాలంటే బెల్లం చప్పరించాలి. అందుకని మామ ఏ ఇంట పనికి కూచున్నా, ఆ ఇల్లాలు ముందు ఒక బెల్లం గడ్డ తెచ్చి పక్కన పెట్టేది. మరిచిపోతే ఆయనే అడిగేవాడు. "విల్లుకి తీగ, నాకు బెల్లం. రెంట్లో ఏది లేకపోయినా మోగదు తల్లీ." చిన్నప్పటి నుంచీ అంతే. ఆయన నోట్లో బెల్లం లేని పూట నేను చూడలేదు.

పరుపుల సంగతి అట్లా ఉంచితే, పీర్ల పండక్కి మా పీర్ల చావిట్లో పెద్ద పీరుని ఎత్తేది కూడా ఆయనే. ఆయన తండ్రి ఎత్తాడు, తర్వాత ఈయన ఎత్తాడు. పొడుగాటి వెదురుగెడకి వెండి హస్తం, దాని చుట్టూ ఊరివాళ్ళు మొక్కుకుని కట్టిన పట్టుగుడ్డలు, మల్లెదండలు. డప్పుల మోతలో ఆ పీరు ఊగుతూ వీధిలోకి వస్తుంటే, పొలం నుంచి వచ్చేవాళ్ళు తలమీద మోపులతోనే ఆగిపోయేవాళ్ళు. మా ఊళ్ళో సాయిబుల ఇళ్ళు కొద్ది. పీరుకి మొక్కేది మాత్రం ఊరంతా.

గడప గడపకీ పీరు ఆగుతుంది. ఇల్లాలు బిందెడు నీళ్ళు పీరు మోసేవాడి పాదాల మీద పోస్తుంది, ఊదు వేస్తుంది, బెల్లం పానకం చెంబు అందిస్తుంది. ఆ చెంబు ముందు మోసేవాడు నోటికి ఆనించుకుని గుటక వెయ్యాలి. ఆయన గుటక వేస్తే పీరు తాగినట్టు. మిగిలింది పిల్లలకి తలా కాస్త పోసి, కల్లంలో మిరపకాయల రాశి మీద చిలకరించుకునేవాళ్ళం. గుటక పడకపోతే ఆ ఇంటి మొక్కు చెల్లదు. అందుకే ఆయన గొంతు కదలడం కళ్ళారా చూసేదాకా మా ఆడవాళ్ళు రెప్ప వెయ్యరు. ఊళ్ళో ఎన్ని గడపలో అన్ని గుటకలు. మామకి అదేం కష్టం? తీపంటే ప్రాణమాయె.

పందొమ్మిది వందల అరవై ఏడులో వానలు వెనకబట్టేసరికి ఆ ప్రాణం మీదికే వచ్చింది. మనిషి చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. ఎన్ని నీళ్ళు తాగినా దప్పికే. మధ్యాహ్నానికే కుండ ఖాళీ.

ఒకరోజు పొద్దున్నే నేను కళ్ళాపి చల్లుతుంటే దడి అవతల నుంచి అత్త నా పేరు సగానికి తుంచి పిలిచింది.

"రాఘవా, ఇట్టా రావే. చీమలు పట్టాయే."

వెళ్ళి చూశాను. దొడ్డి మూల, మామ ఒంటికి పోయే చోట, నేల ఎర్రగా కదులుతోంది. అన్నీ చీమలే. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నాన్న పోయేముందు కూడా ఇట్లాగే చీమలు పట్టాయట.

బలవంతాన చిలకలూరిపేట తీసుకెళ్ళాం. నేనూ తోడు వెళ్ళాను. అక్కడ సంజీవరావు డాక్టరు గారని, పల్లెటూరివాళ్ళని కసురుకోకుండా చూస్తాడని పేరు. మామ మూత్రం గాజు గొట్టంలో నీలం మందుతో కలిపి మంట మీద పెట్టాడు. మేము చూస్తుండగానే ఆ నీలం కాస్తా ఇటుక రంగయింది.

"చూశావా సాహెబూ? ఒళ్ళంతా తీపే" అన్నాడు డాక్టరు గారు.

"మా ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదండి ఆ మాట" అన్నాడు మామ.

డాక్టరు గారు నవ్వాడు గానీ అత్త నవ్వలేదు. ఆయన అన్నీ విడమరిచి చెప్పాడు. పంచదారా బెల్లమూ తేనే, ఏ పేరుతో వచ్చినా నోట్లో పెట్టకూడదు. వరన్నం తగ్గించి జొన్నసంకటి తినాలి. బిళ్ళలు మానకూడదు.

"మరి గొంతులో నూగు పోవాలంటే ఎట్టాగండీ?" అన్నాడు మామ.

"మిరియపు గింజ నములు." తర్వాత అత్త వైపు తిరిగాడు. "మీకు ముందున్నవన్నీ పండగలే గదమ్మా. అదే నా భయం. మామూలు రోజుల్లో అందరూ మాట వింటారు. పండగ రోజున ఒక్క ముక్కే గదా అంటారు. ఈ పండగలన్నీ దాటించి, పీర్లయ్యాక మళ్ళీ తీసుకురా. అప్పటికి ఈ గొట్టంలో నీలం నీలంగానే ఉండాలి."

మేము గుమ్మం దిగుతుంటే వెనక నుంచి కేకేశాడు. "ఒట్టికాళ్ళతో తిరక్కు! రోజూ పాదాలు చూసుకుంటూ ఉండు!"

నోటి సంగతి మాకు బాగా బోధపడింది. పాదాల సంగతే పట్టలేదు. తీపి జబ్బుకీ కాళ్ళకీ ఏం సంబంధం అనుకున్నాం.

అప్పటి నుంచీ అత్త కాపలా చూడాలి. రంజాన్ నెల పోయాక పండగనాడు ఇంటింటి నుంచీ సేమ్యా పాయసం గిన్నెలు వస్తే, గిన్నె గిన్నెనీ దడి మీంచి మా పిల్లలకి అందించేసింది. సంక్రాంతి అరిసెలూ అంతే. మామ బయట పనికి పోయి రాగానే గడపలో నిలబెట్టి, "నోరు తెరువు" అనేది. ఆయన వంగేవాడు. ఆవిడ మునివేళ్ళ మీద లేచి వాసన చూసేది.

"బాపయ్య ఇంట్లో ఏం తిన్నావు?"

"ఏం తినలేదే. మిరియం నమిలా."

"మిరియానికి నెయ్యి వాసనేంది? బూరె తిన్నావు."

"సగం."

"మిగతా సగం ఎవరు తిన్నారు?"

"అది కూడా నేనే."

అంతే, ఆ పూట జొన్నసంకటిలోకి మెంతికూర పచ్చిదే పడేది. నేరేడు గింజలు నూరి మజ్జిగలో పోసేది. కాకరకాయ కనపడితే వదిలేది కాదు. ఊళ్ళో మగాళ్ళు, "ఏం మామా, మా బామ్మతోపాటు నువ్వూ ఏకాదశులుంటన్నావంట" అని ఎకసెక్కాలాడేవాళ్ళు. "మీ బామ్మకి బెల్లం మీద ఆశ లేదురా. నాకుంది. నాదే అసలు ఉపాసం" అనేవాడు.

చలికాలం గడిచేసరికి చీమలు మాయమయ్యాయి. దప్పిక తగ్గింది. అత్త రోజూ పొద్దున్నే ఆ దొడ్డిమూలకి వెళ్ళి చూసి, నాకు వినపడేట్టు "ఒక్కటి లేదే!" అని అరిచేది. ఆ అరుపు వింటే నాకూ పండగలాగే ఉండేది.

ఒక్కటి మాత్రం కొత్తగా మొదలైంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా ఆయనకి తెలిసేది కాదు. వెనకవాళ్ళు పిలిచి చెప్పాలి. "అరికాళ్ళ కింద దూది పరిచినట్టుందే రాఘవా. ఇన్నేళ్ళు దూదిని మెత్తగా ఏకాను గదా, రుణం తీర్చుకుంటోంది" అని నవ్వేవాడు. మేమూ నవ్వాం. జబ్బు తగ్గుతున్న గుర్తనుకున్నాం.

అరవై ఎనిమిదిలో ఉగాదికీ పీర్ల నెలకీ ఒకటే నెలవంక. కొత్త అమావాస్య వెళ్ళగానే మా ఇళ్ళల్లో బొబ్బట్లు, పీర్ల చావిట్లో గుద్దలి. నిప్పుల గుండానికి గుంట తవ్వడం ఆ గుద్దలితోనే మొదలు. నడుమ శ్రీరామనవమి పానకాలు. ఊరంతా బెల్లం వాసన. పైగా ఆ ఏడు మిరప విరగకాసింది. కల్లాలన్నీ ఎర్రటి దుప్పట్లు కప్పినట్టున్నాయి. కాపు కాస్తే గంగాళంతో పానకం పోస్తానని బాపయ్య మొక్కుకున్నాడు. అంతకుముందు ఏడు తెగులొచ్చి చేలో మొక్క మిగలలేదు పాపం, అతని మొక్కు ఉత్తుత్తిది కాదు.

అత్త ముందు ముజావరు మొహిద్దీన్ బాషా దగ్గరికి వెళ్ళింది. చావడి చూసుకునేది ఆయనే.

"అన్నా, ఈ ఏడు పెద్ద పీరుని మా ఆడబిడ్డ కొడుకు రంజాన్‌తో ఎత్తించు. మీ బావకి ఒంట్లో బాలేదు."

"ఎత్తిన చెయ్యి బతికుండగా చెయ్యి మార్చరమ్మా. అది నీకూ తెలుసు."

"ఊరంతా పానకం తాగిస్తారన్నా. చచ్చిపోతాడు."

"నేనేం చెయ్యనమ్మా? ఆడాళ్ళు చూసేది గొంతు. గుటక వెయ్యకపోతే ఊరుకుంటారా?"

ఆ మాట పట్టుకుని అత్త ఇంటికొచ్చి చాలాసేపు కూచుంది. తర్వాత లేచి, కొంగు బిగించి, నన్ను వెంటేసుకుని గడపగడపకీ తిరిగింది. మగాళ్ళు కల్లాల్లో ఉండే వేళ చూసుకుని మరీ. ముందు బాపయ్య పెళ్ళాం బసవమ్మ దగ్గరికి. పెద్ద నోరు, పెద్ద మనసు ఆవిడకి.

"బసవమ్మా, నా పసుపుకుంకాలు నీ చెంబులో ఉన్నాయి. ఆయన నోటికిచ్చే మొదటి చెంబులో బెల్లం వెయ్యొద్దు. మిరియాలూ యాలకులూ వేసిన నీళ్ళివ్వు. గుటక వేస్తాడు. తర్వాత నీ గంగాళంలో ఎంత బెల్లమైనా వేసుకో."

సాయిబుల ఆడమనిషి పసుపుకుంకాలంటే బసవమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పీరుకి తెలీదంటావా?"

"పీరు యుద్ధంలో చుక్క నీళ్ళు దొరక్క దాహానికి అల్లాడి పోయిన మహానుభావుడమ్మా. నీళ్ళిస్తే కాదంటాడా?"

బసవమ్మ ముక్కు మీద వేలేసుకుని, "ఓసి నీ తెలివి! సరే పో. మా ఆయనకి మాత్రం చెప్పకు, గంగాళం నా నెత్తిన బోర్లిస్తాడు" అంది.

ఆవిడ ఒప్పుకున్నాక మిగతావాళ్ళు ఒప్పుకోవడం ఎంతసేపు? ఆడవాళ్ళం కూడబలుక్కున్నామంటే మగాళ్ళకి తెలిసే దారి లేదు. ఏడో రోజు పీరు లేచింది. మామ మా గడపలో ఆగాడు. నేను నీళ్ళు పోసి చెంబు అందించాను. ఆయన గుటక వేశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. నా వైపు చూసి, మళ్ళీ చెంబులోకి చూసి, "ఘాటుగా ఉందమ్మాయ్ నీ భక్తి" అని గొణిగాడు. పక్కన డప్పులవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. దడి పక్క నిలబడ్డ అత్త మొహం చూడాలి. పెళ్ళికూతురిలా ఉంది.

అట్లా పీరు ఊరేగే సవారీలు మూడు గడిచాయి. ప్రతి గడపలోనూ మిరియాల నీళ్ళే. బాపయ్య మటుకు, "ఈసారి మామ మొహంలో ఆ తృప్తి లేదేందిరా" అని సందేహపడ్డాడట. ఇక పదోరోజు తెల్లవారుజామున గుండం, ఆ పగలు ఆఖరి సవారీ, సాయంత్రం వాగులో పీర్లని ముంచి చల్లబరచడం. అంతే మిగిలింది. "ఈ ఒక్కరోజు దాటితే డాక్టరు గారి ముందు నిలబడతా రాఘవా" అంది అత్త.

గుండంలో తుమ్మమొద్దులు రాత్రంతా కాలి, తెలతెలవారేసరికి నిప్పులు కణకణలాడుతున్నాయి. దగ్గరికి పోతే మొహం మాడిపోతోంది. పీరుతో గుండం దాటేవాళ్ళకి ఒక నియమముంది. నిప్పు మీద అడుగు ఆగకూడదు. గబగబా దాటిపోవాలి. మామకి వాళ్ళ నాన్న నేర్పిందీ అదే. ప్రతి ఏడూ ఆయన నాలుగంగల్లో దాటి, అవతల బురదలో కాళ్ళు పెట్టి, "యా అలీ" అని ఊపిరి వదిలేవాడు. రెండుమూడు రోజులు కాస్త కుంటేవాడు.

ఆ ఏడు ఆయన నిప్పుల్లోకి దిగి, రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

డప్పులు ఆగాయి. ఆయన కిందికి చూసుకున్నాడు. చెరువులో దిగినవాడు లోతు చూసుకున్నట్టు నింపాదిగా చూసుకున్నాడు. మొహంలో ఏదో ఆశ్చర్యం. ఇంకో అడుగు వేసి మళ్ళీ నిలబడ్డాడు. పీరుని రెండు చేతులా పైకెత్తి నిప్పుల మధ్య అట్లాగే నిలబడిపోయాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"కాలట్లేదురా!" అని అరిచాడు. "ఒరేయ్ బాపయ్యా, కాలట్లేదురా! దూది మీద నిలబడ్డట్టుందిరా!"

ఊరు ఊరంతా ఘొల్లుమంది. బాపయ్య నేలమీద సాష్టాంగపడ్డాడు. అంత పెద్ద పండగ మా ఊళ్ళో ముందెప్పుడూ జరగలేదు, తర్వాతా జరగలేదు. పీరు నిజంగా మనిషి మీదికి వచ్చాడన్నారు. గుండం దాటి వచ్చిన మామ పాదాల మీద పడడానికి జనం తోసుకున్నారు. అందరి మధ్యలో అత్త ఒక్కతే నోరు తెరుచుకుని నిలబడింది. సంతోషమో భయమో ఆవిడకే తెలీలేదు.

ఆఖరి సవారీ బయల్దేరేలోగా ఆడవాళ్ళం మళ్ళీ కలుసుకున్నాం. ఈసారి అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి.

"సాక్షాత్తూ పీరే దిగొచ్చాడు. ఆయనకి బెల్లం లేని నీళ్ళు పోసి మోసం చేశాం" అంది బసవమ్మ. "మిరియాల నీళ్ళంట, మిరియాల నీళ్ళు! చేలు మాడిపోవూ?"

అత్త ఆవిడ చేతులు పట్టుకుంది. "బసవమ్మా, ఈ ఒక్కరోజే. ఈ ఒక్కరోజూ నా మాట విను."

"నీ మొగుడికి జబ్బే ఉంటే నిప్పు కాల్చదా మాబూబీ? జబ్బు ఎప్పుడో తీసేశాడమ్మా ఆయన. నువ్వే నమ్మట్లా."

ఆ పొద్దు గడపగడపలోనూ పానకం తేనెలా చిక్కగా ఉంది. వేసిన బెల్లం చాల్లేదేమోనని ఇంకా వేశారు. మామ ఒక గుటకతో ఆపలేదు. చెంబు చెంబూ ఎత్తి తాగాడు. అన్ని నెలల ఉపాసం ఆయె. బాపయ్య గంగాళం దగ్గర అత్త అడ్డం వెళ్ళింది. జనంలో మగాళ్ళు "తప్పుకోమ్మా, తప్పుకో" అన్నారు.

"తాగొద్దయ్యా. నీకు దణ్ణం పెడతా."

మామ కోప్పడలేదు. ఎంతో ప్రేమగా చూశాడు. "పిచ్చిదానా. నిప్పే ఏం చెయ్యలేదు. బెల్లం ఏం చేస్తుందే నన్ను?"

సాయంత్రం పీర్లని వాగులో చల్లబరిచి ఇంటికొచ్చాడు. దీపాలు పెట్టే వేళ. నేను దడి దగ్గరే ఉన్నాను. ఆయన అరుగు మీద కూచుని కాళ్ళు చాపాడు. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి బురద కడగడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆవిడ చెయ్యి ఆగింది.

"రాఘవా, దీపం పట్టుకురా" అంది. మామూలు గొంతే.

దీపం పట్టుకెళ్ళాను. కుడి అరికాలు చర్మం ఉబ్బి, ఉడికించిన చిలగడదుంప తోలులా తెల్లగా వేలాడుతోంది. బొటనవేలి కింద ఒక నల్లటి బొగ్గుముక్క మాంసంలో దిగబడి ఉంది. అత్త దాన్ని గోళ్ళతో పట్టి లాగింది. ఊడి వచ్చింది. మామ నాతో నవమి పందిరి సంగతేదో చెబుతున్నాడు. చెబుతూనే ఉన్నాడు.

అత్త చీపురుపుల్ల తీసుకుని ఆ పుండులో గుచ్చింది.

"ఏం చేస్తన్నావే అక్కడ?" అన్నాడు మామ.

"తెలుస్తందా?"

"ఏంది?"

అత్త పుల్ల పైకెత్తి చూపించింది. కొస నెత్తురుగా ఉంది. మామ దాన్ని చూశాడు. కాలు ఒళ్ళోకి లాక్కుని దీపం వెలుగులో చూసుకున్నాడు. వేలితో నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఆయన మొహంలో పొద్దుటి నుంచీ వెలుగుతున్నది ఏదో, నా కళ్ళముందే ఆరిపోయింది.

"ఊళ్ళో చెప్పకండి" అన్నాడు. "పీరు మాట పోద్ది."

చెప్పలేదు. పసుపూ వేపాకూ నూరి కట్టి, పైన పచ్చగుడ్డ చుట్టారు. ఆ గుడ్డ కూడా మహిమే అనుకున్నారు జనం. నిప్పు కాల్చని కాళ్ళు చూడాలని పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. పాదాలకి పసుపు రాసి, కుంకం పెట్టి, కళ్ళకద్దుకుని పోయేవాళ్ళు. వచ్చినవాళ్ళెవరూ ఉత్త చేతులతో రాలేదు. బెల్లం కలిపిన మలీదా ముద్దలో, పానకమో. కాదంటే వాళ్ళు ఏడ్చేవాళ్ళు. మామ రెండు పూటలు కాదన్నాడు, మూడో పూట ఏమీ అనకుండా తిన్నాడు. అత్త కూడా "నోరు తెరువు" అనడం మానేసింది. దొడ్డిమూల మళ్ళీ చీమలు పట్టాయి. ఆవిడ నాకు చెప్పలేదు. నేనే చూశాను.

గుడ్డలోంచి వాసన మొదలయ్యాక మల్లెదండలు దాన్ని కప్పలేకపోయాయి. అప్పుడు తీసుకెళ్ళాం పేటకి. సంజీవరావు డాక్టరు గారు కట్టు విప్పి, ముక్కు మూసుకోకుండా, పెన్సిలు మొనతో మడమ దాకా గీసి చూశాడు.

"ఈ జబ్బులో కాళ్ళు మొద్దుబారతాయయ్యా. నిప్పు కాల్చక కాదు, కాల్చింది నీకు తెలియక. చెప్పులు జారిపోవడం, దూది మీద నడిచినట్టుండడం, ఏమీ అనిపించలేదా నీకు?"

"అనిపించిందండి" అన్నాడు మామ. "బాగానే ఉందనుకున్నా."

గుంటూరు ఆసుపత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేశారు. నేను చూడబోయినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా అలికిడికి తిరిగి చూశాడు. నవ్వుదామనుకున్నాడు గానీ రాలేదు.

"రాఘవా, ఒక సంగతి చెప్తా, నవ్వకు. లేని కాలు మండుతోందే. గుండంలో పెట్టినట్టు మండుతోంది. నీళ్ళు పోద్దామంటే అక్కడ కాలు లేదు. ఉన్నన్నాళ్ళూ తెలీలేదు, తీసేశాక కాలుతోంది."

అత్త మంచం కాళ్ళ దిక్కున కూచుని, దుప్పటి ఖాళీగా ఉన్నచోట విసనకర్రతో విసురుతోంది.

రెండో కాలికీ అదే వచ్చింది. దాన్ని తియ్యనివ్వలేదు ఆయన. ఇంటికి తెచ్చేశాం. శ్రావణమాసపు వానల్లో పోయాడు. విల్లు గోడకి వేలాడుతూనే ఉంది. చివరిదాకా నిప్పు సంగతి ఊళ్ళో చెప్పనివ్వలేదు. ఆయన పోయాక చెబుదామని అత్త ఒకసారి నోరు తెరిచింది. బసవమ్మతోనే.

"అంత మహిమ గల ఒంటిని ఎన్నాళ్ళుంచుతాడమ్మా పీరు? తీసుకుపోయాడు" అంది బసవమ్మ, అత్తని కావలించుకుని ఏడుస్తూ. ఆ ఏడుపు నిజమైనది. అత్త మళ్ళీ నోరు మూసుకుంది. బాపయ్య తన ఖర్చుతో గోరీ కట్టించి సున్నం కొట్టించాడు.

మరుసటి ఏడు పీర్ల నెల వచ్చింది. పెద్ద పీరుని రంజాన్ ఎత్తాడు. కుర్రవాడేం కాదు, ఇద్దరు బిడ్డల తండ్రి. గుండం దాటి ఆఖరి సవారీలో మా వీధికి వచ్చాడు. అత్త గడపలో ఆగాడు. ఆచారం ప్రకారం అత్త బిందెతో బయటికి వచ్చింది. నీళ్ళు పొయ్యలేదు. బిందె కింద పెట్టి, అతని కాలు పట్టుకుని పైకెత్తి, అరికాలిలో గోరు గుచ్చింది.

"అబ్బా!" అని గెంతాడు రంజాన్. పీరు ఊగిపోతే నలుగురు పట్టుకున్నారు.

"కాలిందా?"

"కాలింది అత్తా. మంటగా ఉంది."

"మండనీ" అంది అత్త. బిందెడు నీళ్ళూ మెల్లగా, ఒక్కచుక్క పక్కకి పోకుండా ఆ పాదాల మీద పోసింది. నిరుడు నిలబడ్డాడు నన్నే సాహెబు, ఈడు గెంతుతున్నాడని వెనక ఎవడో అన్నాడు.

తర్వాత పీరు గోరీ దగ్గరికి వెళ్ళింది. అది కొత్తగా పెట్టుకున్న పద్ధతి. బాపయ్య పానకం గంగాళం బండి మీద తెచ్చాడు. ఆయనకి ఇష్టమని చెంబులతో ముంచి గోరీ తలవైపు పోశారు. బసవమ్మ రెండు చేతులతో పోసింది. ఊరంతా పోసింది.

తెల్లారి అత్త చీపురు తీసుకుని అటు వెళుతుంటే నేనూ వెంట వెళ్ళాను. దూరం నుంచి చూస్తే సున్నం మీద ఎర్రమట్టి పూసినట్టుంది. దగ్గరికి పోతే కదులుతోంది.

"రాఘవా" అంది అత్త. "చీమలు పట్టాయే."

వంగి ఊడవడం మొదలుపెట్టింది. ఊడ్చినంత మేరా మళ్ళీ కమ్ముకుంటున్నాయి.